పరుగెత్తని రైలింజిన్

ఎక్స్‌ప్రెస్ బండిని లాక్కొచ్చే ఇంజిన్‌ను చూడ్డానికి పిల్లలు ప్లాట్‌ఫామ్ చివరిదాకా పరుగెడతారు. పెద్దవాళ్లు దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. కానీ ఆ బండి పెట్టెలన్నిటినీ యార్డులోంచి ఏరుకొచ్చి, వరస కట్టి, తెల్లవారకముందే ప్లాట్‌ఫామ్ మీద పెట్టి పక్కకు తప్పుకునే ఇంజిన్ మరొకటుంది. ఊరు దాటదు. పట్టుమని పది మంది ప్రయాణికులకైనా దాని పేరు తెలియదు. అయినా అది కదలకపోతే ఏ బండీ బయల్దేరదు!

విశాఖపట్నం స్టేషన్‌లో రైలు ఆగిందంటే పెట్టెలో చిన్న కలకలం. ‘అయ్యో, మళ్లీ వెనక్కి పోతోందే’ అని కొత్తవాళ్లు కంగారుపడతారు. ‘ఏం కాదు, ఇక్కడింతే’ అని పాతవాళ్లు ధైర్యం చెబుతారు. విజయవాడ వైపు నుంచి వచ్చి హావ్‌డా వెళ్లే బండయినా, అటు నుంచి ఇటు వచ్చే బండయినా ఈ స్టేషన్‌లోకి వచ్చిన దిక్కుగానే తిరిగి బయటికి పోవాలి. అప్పటిదాకా ముందున్న ఇంజిన్‌ను ఊడదీస్తారు. అటు చివర మరో ఇంజిన్ తగిలిస్తారు. ఎక్కడో ‘ధన్’మని చప్పుడు. టీ గ్లాసు తొణుకుతుంది. పై బెర్తులో నిద్రపోతున్న పెద్దాయన ఉలిక్కిపడి లేస్తాడు. ప్రయాణికుడికి షంటింగ్‌తో ఉన్న పరిచయమల్లా ఆ ఒక్క కుదుపే.

ఆ కుదుపు వెనకున్న పని మాత్రం చాలా పెద్దది. ప్రయాణం ముగిసిన బండిని ఖాళీ చేయగానే శుభ్రం చేసే లైనుకు తోసుకుపోవాలి. జబ్బుపడిన పెట్టె ఉంటే ఊడదీసి ‘సిక్ లైన్’లో పెట్టాలి. దాని స్థానంలో బాగున్నదాన్ని తెచ్చి సరిగ్గా అదే వరసలో ఇరికించాలి. పార్శిల్ వ్యాన్ తగిలించాలి. గూడ్స్ షెడ్డులో సరుకు దింపేసిన వ్యాగన్లను లాగి నిండువాటిని లోపలికి పెట్టాలి. అన్నీ అయ్యాక టైముకు బండి ప్లాట్‌ఫామ్ మీద ఉండాలి. పెళ్లిలో అందరి కళ్లూ పెళ్లికొడుకు మీదే ఉంటాయి. తెల్లవారుజామున లేచి పందిట్లో కుర్చీలు సర్దినవాణ్ని ఎవరు చూస్తారు? రైల్వేలో ఆ కుర్చీలు సర్దే పని షంటింగ్ ఇంజిన్లది. మన దేశంలో బాగా చెమటోడ్చిన రెండు రకాల పేర్లు డబ్ల్యూడీఎస్-4, డబ్ల్యూడీఎస్-6.

పేరు చూసి భయపడనక్కర్లేదు. ‘డబ్ల్యూ’ అంటే బ్రాడ్‌గేజ్. మీటర్‌గేజ్ అయితే ‘వై’ అని పెడతారు. ‘డి’ అంటే డీజిల్. ‘ఎస్’ అంటే షంటింగ్. చివరి అంకె ఆ వరసలో అది ఎన్నో రకమో చెబుతుంది. ప్రయాణికుల బండ్లకూ గూడ్సుకూ రెంటికీ పనికొచ్చేదైతే ‘ఎస్’ బదులు ‘ఎం’ ఉంటుంది. దశాబ్దాలపాటు దేశమంతా తిరిగిన డబ్ల్యూడీఎం-2 అలాంటిదే. అదీ మన డబ్ల్యూడీఎస్-6కి దగ్గరి చుట్టమే. ఆ సంగతి తర్వాత.

పొగ వద్దన్నందుకు...

డీజిల్ ఇంజిన్ అనగానే మైదానాల మీద దూసుకుపోయే బండి గుర్తొస్తుంది కానీ, రైలు పట్టాల మీద డీజిల్ మొదట నేర్చుకున్నది పరుగు కాదు, నడక! న్యూయార్క్ నగరంలో పొగబండ్ల మసి భరించలేక 1923లో ఓ చట్టం చేశారు. నగర పరిధిలో ఆవిరి ఇంజిన్లు తిరగకూడదన్నది దాని సారాంశం. పెద్ద లైన్లకు కరెంటు పెట్టుకోవచ్చు. ఎక్కడో రేవు పక్కన నాలుగు పట్టాలున్న చిన్న యార్డుకు కరెంటు తీగలు లాగితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అలాంటి చోటి కోసమే మూడు కంపెనీలు కలిసి ఓ బండి తయారుచేశాయి. బండి ఒళ్లు ఆల్కోది, మోటార్లు జనరల్ ఎలక్ట్రిక్‌వి, డీజిల్ యంత్రం ఇంగర్సోల్ రాండ్‌ది. బలం 300 హార్స్‌పవర్. సెంట్రల్ రైల్‌రోడ్ ఆఫ్ న్యూజెర్సీ దాన్ని 1925లో కొని 1000 నంబరు వేసింది. వ్యాపారపరంగా నిలదొక్కుకున్న తొలి డీజిల్ ఎలక్ట్రిక్ రైలింజిన్ అదే. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ యార్డులో 1957 దాకా వ్యాగన్లు తోస్తూనే ఉంది. ఇప్పుడు బాల్టిమోర్ రైలు మ్యూజియంలో విశ్రాంతి తీసుకుంటోంది.

డీజిల్ ముందుగా యార్డులోకే ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే తేలిగ్గానే తెలుస్తుంది. షంటింగ్ అంటే అయిదు నిమిషాలు పని, అరగంట నిరీక్షణ. ఆవిరి ఇంజిన్‌కు ఆ అరగంటా పొయ్యి మండుతూనే ఉండాలి. బొగ్గు వేస్తూనే ఉండాలి. మధ్యలో నీళ్లకు వెళ్లాలి. బూడిద దులపాలి. పొయ్యి ఆరిపోతే మళ్లీ ఆవిరి పట్టడానికి గంటలు పడుతుంది. డ్రైవరుతోపాటు పొయ్యి దగ్గర మనుషులు కావాలి. డీజిల్‌కు ఈ తంటాలేవీ లేవు. పిలిస్తే పలుకుతుంది.

మన బ్రాడ్‌గేజ్ మీదా అదే కథ. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికా నుంచి జనరల్ ఎలక్ట్రిక్ వారి 15 చిన్న డీజిళ్లు వచ్చాయి. తర్వాత వాటికి డబ్ల్యూడీఎస్-1 అని పేరు పెట్టారు. భారీ డీజిల్ ఇంజిన్లు అమెరికా నుంచి ఓడల్లో దిగడానికి ఇంకా పదేళ్లకు పైగా పట్టింది. అంటే పొగబండ్లు రాజ్యమేలుతున్న రోజుల్లోనే యార్డు మూలన ఈ పొట్టిబండ్లు డీజిల్‌కు మన దేశంలో అఆలు దిద్దించాయన్నమాట.

సూరి గారి పెట్టె

డీజిల్ ఇంజిన్‌కు ఓ బలహీనత ఉంది. సున్నా వేగం దగ్గర అది చక్రాన్ని తిప్పలేదు. స్కూటర్‌ను గేరులో పెట్టి క్లచ్ వదిలేస్తే ఏమవుతుంది? ఎగిరి ఆగిపోతుంది. మరి వెనక వెయ్యి టన్నులున్న బండికి క్లచ్ ఎలా వదలాలి? అందుకే యంత్రానికీ చక్రానికీ మధ్య ఓ మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తి కరెంటు అయితే డీజిల్ ఎలక్ట్రిక్. నూనె అయితే డీజిల్ హైడ్రాలిక్. నూనె పద్ధతిలో యంత్రం ఓ రెక్కల చక్రాన్ని తిప్పుతుంది. అది నూనెను చిమ్ముతుంది. ఆ నూనె తాకిడికి ఎదురుగా ఉన్న మరో రెక్కల చక్రం మెల్లగా తిరుగుతుంది. ఇనుముకూ ఇనుముకూ నేరుగా పట్టు ఉండదు కాబట్టి కుదుపు లేదు, ఆగిపోవడం లేదు. అయితే వేగం పెరిగేకొద్దీ నూనె తిరుగుళ్లలోనే శక్తి కొంత వృథా అవుతుంది. పోనీ వేగం అందుకున్నాక నూనెను తప్పించి నేరుగా కలుపుదామంటే, మారే ఆ క్షణంలో లాగుడు తెగి బండి మొత్తం కుదుపుకు లోనవుతుంది.

ఈ చిక్కుముడిని విప్పినవాడు మనవాడే. మన్ మోహన్ సూరి రైల్వేలో మెకానికల్ ఇంజినీరు. బయల్దేరేటప్పుడు నూనె పద్ధతి, వేగం అందుకున్నాక మరో పద్ధతి, ఒకదాని నుంచి ఇంకోదానికి మారేటప్పుడు లాగుడు తెగకుండా కలిపే ఏర్పాటు... ఇదీ ఆయన కనిపెట్టిన ‘సూరి ట్రాన్స్‌మిషన్’. 1962లో ఇంజినీరింగ్ శాస్త్రాల్లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం ఆయనను వరించింది. ఆ తర్వాత దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. అన్నట్టు, మన పొలాల్లో తిరిగే స్వరాజ్ ట్రాక్టర్ మొదట రూపుదిద్దుకున్నదీ ఆ సంస్థలోనే, ఆయన హయాంలోనే. యార్డులో వ్యాగన్ లాగే బండికీ దుక్కిలో నాగలి లాగే బండికీ ఒకే బుర్ర పనిచేసిందంటే ఆశ్చర్యమే కానీ, కాస్త ఆలోచిస్తే రెండింటి అవసరమూ ఒకటే. మెల్లగా, గట్టిగా, తెగకుండా లాగడం.

పశ్చిమబెంగాల్‌లోని చిత్తరంజన్ లోకోమోటివ్ వర్క్స్ 1960ల చివర్లో తయారీ మొదలుపెట్టిన డబ్ల్యూడీఎస్-4లో ఈ ట్రాన్స్‌మిషన్ వాడారు. యంత్రం జర్మనీలోని మాక్ కంపెనీ నమూనా. 600 హార్స్‌పవర్‌తో మొదలై తర్వాతి రకాల్లో 700 దాకా పెరిగింది. బరువు 60 టన్నులు. చూడ్డానికి భలే గమ్మత్తుగా ఉంటుంది. మూడు జతల చక్రాలు, వాటిని కలుపుతూ బయటికి కనపడే ఉక్కు కడ్డీలు. కదులుతుంటే ఆ కడ్డీలు అచ్చం పొగబండిలా పైకీ కిందికీ తిరుగుతాయి. ఆవిరి ఇంజిన్ చనిపోతూ తన కాళ్లను దీనికి ఇచ్చి వెళ్లిందా అనిపిస్తుంది! నిజానికి చిత్తరంజన్ 1972లో ఆవిరి ఇంజిన్ల తయారీకి స్వస్తి చెప్పింది. డీజిల్ హైడ్రాలిక్ బండ్లు మాత్రం 1990ల తొలి సంవత్సరాల వరకు అన్ని రకాలూ కలిపి ఎనిమిది వందలకు పైగా తయారుచేసింది.

సగం బలం... ఎక్కువ బరువు

సరుకు రవాణా పెరిగింది. వ్యాగన్లు పెద్దవయ్యాయి. 60 టన్నుల పొట్టిబండి చాలని చోట్లు వచ్చాయి. అప్పుడు వారణాసి రంగంలోకి దిగింది. అక్కడి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ అమెరికా ఆల్కో కంపెనీ సాంకేతిక సాయంతో పుట్టింది. అవును, న్యూయార్క్ యార్డుకు ఆ తొలి బండి ఒళ్లు చేసిచ్చిన ఆల్కోయే. 1964 జనవరిలో వారణాసి నుంచి తొలి డబ్ల్యూడీఎం-2 బయటికొచ్చింది. అందులో 16 సిలిండర్ల యంత్రం ఉంటుంది. 2,600 హార్స్‌పవర్. 1970ల నడిమికి వచ్చేసరికి అదే కుటుంబానికి చెందిన ఆరు సిలిండర్ల యంత్రంతో షంటింగ్ బండి తయారైంది. అదే డబ్ల్యూడీఎస్-6. బలం 1,350 నుంచి 1,400 హార్స్‌పవర్. ఒకే కుటుంబం కావడంతో అన్నయ్య విడిభాగాలు తమ్ముడికీ చాలావరకు సరిపోతాయి. అన్నయ్యను విప్పి బిగించడం నేర్చిన మెకానిక్ తమ్ముణ్నీ విప్పగలడు. షెడ్డులో ఇంతకన్నా పెద్ద సుఖం ఏముంటుంది? ఆల్కో 1969లోనే రైలింజిన్ల తయారీ మానేసింది. దాని సంతానం మాత్రం మన దేశంలో ఆ తర్వాత దశాబ్దాలపాటు పుడుతూనే ఉంది.

ఇక్కడే ఓ తమాషా ఉంది. 2,600 హార్స్‌పవర్ ఉన్న డబ్ల్యూడీఎం-2 బరువు 113 టన్నుల లోపే. దాంట్లో సగం బలమే ఉన్న డబ్ల్యూడీఎస్-6 బరువు 126 టన్నులు! బలం తగ్గితే బరువు కూడా తగ్గాలి కదా? షంటింగ్ మర్మమంతా ఈ తిరకాసులోనే ఉంది.

రైలు చక్రం ఉక్కు. పట్టా ఉక్కు. రెండూ నున్నగా ఉంటాయి. ఆ నునుపు వల్లే కొద్దిపాటి శక్తితో పెద్ద బరువు కదులుతుంది. ఆ నునుపు వల్లే బయల్దేరేటప్పుడు చక్రం జారుతుంది కూడా. చక్రం పట్టాను ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది దాని మీద ఎంత బరువుందన్నదాన్ని బట్టి ఉంటుంది. స్థూలంగా చెప్పాలంటే ఇంజిన్ తన బరువులో నాలుగోవంతుకు సమానమైన లాగుడు చూపగలదు. అంతకుమించి ఎంత బలం పెట్టినా చక్రం అక్కడే గిర్రున తిరుగుతుంది తప్ప బండి కదలదు. బురదలో దిగబడిన లారీ సంగతి తెలిసిందేగా. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం తిరుగుతుంది, లారీ దిగబడుతుంది.

హార్స్‌పవర్ అన్నది వేగంగా లాగడానికి. బరువు అన్నది కదిలించడానికి. గంటకు వంద కిలోమీటర్లతో పోయే బండికి మొదటిది కావాలి. గంటకు పది కిలోమీటర్లు చాలనుకునే బండికి రెండోది కావాలి. అందుకే డబ్ల్యూడీఎస్-6కి ఒంటినిండా బరువు పెట్టారు. ఆ బరువును ఆరు ఇరుసుల మీద పంచి, ఆరింటికీ మోటార్లు తగిలించారు. గేర్లు కూడా పరుగు కోసం కాక లాగుడు కోసం అమర్చారు. ఫలితంగా గరిష్ఠ వేగం గంటకు అరవై పైచిలుకు కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. బాధేముంది? అరకకు కట్టిన ఎద్దును పందేనికి పంపుతామా?

ఆ లాగుడు ఎవరికి కావాలో వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. రైల్వేకే కాదు ఉక్కు కర్మాగారాలకు, థర్మల్ విద్యుత్ కేంద్రాలకు, రేవులకు కూడా వారణాసి ఈ బండ్లను తయారుచేసి ఇచ్చింది. బొగ్గుతో నిండిన ఒక్కో బాక్స్-ఎన్ వ్యాగన్ 80 టన్నుల పైమాటే. అలాంటివి 58 ఒక బండికి. మొత్తం 4,700 టన్నుల చిల్లర. అంత బరువునూ బొగ్గు దింపే తొట్టి మీదుగా అడుగులో అడుగు వేస్తూ జరపాలి. అక్కడ పరుగు వచ్చినవాడికన్నా నిదానం తెలిసినవాడే మొనగాడు.

నిదానం ఉన్న బండికి ఓ దురలవాటు కూడా ఉంది. పని లేకున్నా గుడగుడలాడుతూనే ఉంటుంది. యార్డు పక్కన ఇళ్లున్నవాళ్లను అడగండి, చెబుతారు. రాత్రంతా ఆ శబ్దమే జోలపాట. పని లేనప్పుడు ఆపేయొచ్చు కదా? ఆపితే బ్రేకుల్లో గాలి ఒత్తిడి క్రమంగా పడిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేయాలంటే బ్యాటరీలు గట్టిగా ఉండాలి. పాతబడిన బ్యాటరీ సమయానికి మొండికేస్తే యార్డంతా స్తంభిస్తుంది. అందుకే ‘ఎందుకొచ్చిన గొడవ’ అని నడుస్తూనే ఉంచేవాళ్లు. డీజిల్ మాత్రం ఊరికే కాలిపోయేది. ఈ దుబారా తగ్గించడానికి తర్వాత్తర్వాత ఆల్కో రకం ఇంజిన్లలో ఓ చిన్న సహాయక యంత్రాన్ని అమర్చడం మొదలుపెట్టారు. పెద్దాయన నిద్రపోతుంటే ఆ చిన్నోడు బ్యాటరీలనూ గాలినీ కనిపెట్టుకుని ఉంటాడన్నమాట.

రెండు చేతులూ పైకెత్తితే

బండి సంగతి సరే. దాన్ని నడిపేవాళ్లో?

రైల్వేలో ఇంజిన్ నడిపే ఉద్యోగానికి మెట్లుంటాయి. అసిస్టెంట్‌గా చేరినవాళ్లు ముందు లోకో పైలట్ షంటింగ్ అవుతారు. ఆ తర్వాతే గూడ్సు, పాసింజర్, చివరికి మెయిల్ ఎక్స్‌ప్రెస్. మెరుపులా పోయే రైళ్లను నడిపే పైలట్లలోనూ ఎందరో ఒకప్పుడు యార్డులో వ్యాగన్లు తోసి చేయి తిరిగినవాళ్లే. అక్కడ నేర్చుకునేది వేగం కాదు. ఎక్కడ ఆగాలో నేర్చుకుంటారు. వెనక ముప్ఫై వ్యాగన్లుంటే, ఇక్కడ బ్రేకు వేశాక ఆ చివరిది ఎప్పుడు ఆగుతుందో ఒంటికి తెలియాలి. పుస్తకంలో దొరకని విద్య అది.

షంటింగ్‌లో గంటకు 15 కిలోమీటర్లు మించకూడదని రైల్వే నియమం. పేలుడు పదార్థాలూ పెట్రోలు లాంటివీ ఉంటే ఎనిమిదే. చాలాసార్లు తోసేది ఇంజినే అయినా ముందున్నది వ్యాగన్లు. పైలట్‌కు ఎదురుగా ఏముందో కనపడదు. అతడి కళ్లు కింద ఉన్నాయి. జెండా పట్టుకుని పట్టాల పక్కన నడిచే మనిషే అతడి కళ్లు. పగలు జెండా, రాత్రి లాంతరు. పచ్చజెండా మెల్లగా పైకీ కిందికీ ఊపితే ‘నాకు దూరంగా పో’ అని. ఒంటికి అడ్డంగా ఆ పక్కకీ ఈ పక్కకీ ఊపితే ‘నా వైపు రా’ అని. రెండు చేతులూ తలపైకెత్తి దగ్గరికి చేర్చి దూరం చేస్తుంటే ‘దగ్గరపడ్డాం, తగిలించాలి, చాలా మెల్లగా’ అని. ఇంత పెద్ద వ్యవస్థలో వేల టన్నుల ఇనుము ఓ మనిషి రెండు చేతుల మధ్య ఖాళీని చూసి నడుచుకుంటుంది.

ఆ తర్వాతి ఘట్టమే అసలైంది. రెండు పెట్టెలు తాకాయి. ఇప్పుడు వాటిని కలపాలి. పాయింట్స్‌మన్ వంగి, బఫర్ల కింద నుంచి దూరి రెండు పెట్టెల మధ్యకు వెళ్తాడు. పాత ఐసీఎఫ్ రకం పెట్టెలైతే బరువైన ఇనుప కొక్కేన్ని ఎత్తి ఎదుటి కొక్కేనికి తగిలించి, మర తిప్పి బిగించాలి. తర్వాత బ్రేకు గొట్టాలు కలపాలి. ఆ కాస్సేపూ అతడు ఇటొక ఇనుప గోడ, అటొక ఇనుప గోడ మధ్య ఉంటాడు. ఈలోగా ఇంజిన్ ఓ అడుగు కదిలిందా...

2024 నవంబరులో బిహార్‌లోని బరౌనీ జంక్షన్‌లో జరిగింది అదే. లఖ్‌నవూ నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్ ఇంజిన్‌ను ఊడదీస్తుండగా అది వెనక్కి కదిలింది. మధ్యలో ఉన్న రైల్వే ఉద్యోగి నలిగిపోయి ప్రాణాలు వదిలాడు. ప్లాట్‌ఫామ్ మీదున్నవాళ్లు చూస్తుండగానే జరిగిన ఘోరమిది. రెండు రోజులు టీవీల్లో చూపించారు. తర్వాత అందరూ మర్చిపోయారు. ఇంతకుముందు ఇలాంటివి జరగలేదా అంటే, షంటింగ్ ఎంత పాతదో ఈ ప్రమాదమూ అంత పాతదే.

అందుకే కొన్ని దేశాలు చాలా ముందే మేల్కొన్నాయి. అమెరికాలో వ్యాగన్లు కలిపే బ్రేక్‌మన్ల వేళ్లు పోవడం, చేతులు పోవడం నిత్యకృత్యంగా ఉండేది. మనిషి మధ్యకు వెళ్లకుండానే వాటంతట అవి తగులుకునే కప్లర్లు పెట్టాల్సిందేనని 1893లో అక్కడ చట్టమే చేశారు. జపాన్ వాళ్లదైతే ఆశ్చర్యపోవాల్సిన కథ. ఏళ్ల తరబడి సన్నాహాలు చేసి, ప్రతి వ్యాగన్ కిందా కొత్త కప్లర్‌ను సిద్ధంగా కట్టి ఉంచి, 1925 జులైలో ప్రధాన దీవి అయిన హోన్షులో ఒక్క రోజులో మొత్తం మార్చేశారు! మన దగ్గర గూడ్సు వ్యాగన్లకు ఆ తరహా కప్లర్లు దశాబ్దాల కిందటే వచ్చినా, ప్రయాణికుల పెట్టెలకు మాత్రం 2000 ప్రాంతంలో జర్మనీ నుంచి ఎల్‌హెచ్‌బీ పెట్టెలు వచ్చేదాకా పాత కొక్కేలే గతి. చెన్నైలోని ఐసీఎఫ్ పాత రకం పెట్టెల తయారీ ఆపింది 2018లో. సూరి గారి బుర్రలాంటి బుర్రలు ఇంజిన్ లోపల ఎంత పనిచేశాయో, దాని ముందు వేలాడే కొక్కెం మీదా అంత పనిచేసి ఉంటే ఎన్ని ఇళ్లు నిలిచేవో కదా అనిపిస్తుంది.

యార్డులు చిన్నబోయిన వేళ

ఒకప్పుడు సరుకు రవాణా అంటే పోస్టాఫీసు పద్ధతే. ఒక వ్యాగన్ గుంటూరు మిర్చి, ఒక వ్యాగన్ సిమెంటు, ఒక వ్యాగన్ ఎరువులు... అన్నీ పెద్ద యార్డుకు చేరేవి. అక్కడ ఊరి పేరు చూసి విడదీసి కొత్త బండ్లు కట్టేవాళ్లు. ఇప్పుడు పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌గా పేరు మారిన మొఘల్‌సరాయ్ యార్డు ఆసియాలోనే పెద్దదని పేరు. అలాంటి యార్డుల్లో ‘హంప్’ అనే చిన్న గుట్ట ఉంటుంది. షంటింగ్ ఇంజిన్ బండిని మనిషి నడక వేగంతో ఆ గుట్ట మీదికి తోస్తుంది. శిఖరం దాటిన వ్యాగన్ దానంతటదే జారి తన లైనులోకి పోతుంది. కింద స్కిడ్ పట్టుకున్న మనిషి కాచుకుని ఉండి, పట్టా మీద దాన్ని పెట్టి వ్యాగన్ జోరు తగ్గిస్తాడు. చూస్తే ఆట. చేస్తే ప్రాణసంకటం.

1980ల నుంచి లెక్క మారింది. ఒక్కో వ్యాగన్ బుక్ చేసే పద్ధతిని తగ్గించి, బండి మొత్తం ఒకేచోట నింపి ఒకేచోట దింపే విధానానికి రైల్వే మళ్లింది. విడదీసేదీ లేదు, కలిపేదీ లేదు. ఒకదాని తర్వాత ఒకటి మార్షలింగ్ యార్డులు మూతపడ్డాయి. ఆపైన ప్రయాణికుల బండ్ల వంతు వచ్చింది. మెమూ బండ్లకు రెండు చివరలా డ్రైవర్ క్యాబిన్లు. వందే భారత్‌కూ అంతే. 2023 జనవరిలో సికింద్రాబాద్-విశాఖపట్నం మధ్య అది మొదలయ్యాక విశాఖలో చివరికి చేరిన పైలట్లు చేయాల్సిందల్లా ఈ క్యాబిన్ దిగి ఆ చివరి క్యాబిన్‌కు వెళ్లడమే. ఊడదీయడానికి ఇంజినే లేదు మరి!

డబ్ల్యూడీఎస్ బండ్లను మరో దెబ్బ ఇంట్లోంచే తగిలింది. లైన్లన్నీ కరెంటుకు మారుతుంటే ఒకప్పటి ఎక్స్‌ప్రెస్ డీజిళ్లకు పని లేకుండా పోయింది. వాటిని యార్డులకు పంపారు. మెయిల్ బండ్లు లాగిన దొరలు వచ్చి షంటింగ్ చేస్తుంటే, దానికోసమే పుట్టినవాళ్లకు స్థానమెక్కడ? చాలా డబ్ల్యూడీఎస్-4లు తుక్కుకు పోయాయి. ఆవిరి ఇంజిన్ల కాలంలోనూ ఇదే జరిగేది. వయసు మళ్లిన ఎక్స్‌ప్రెస్ ఇంజిన్‌కు చివరి మజిలీ యార్డే. కాకపోతే పరుగుకు పుట్టిన బండితో నడిపించడం అంత సుఖం కాదు.

అలాగని షంటింగ్ బండికి పూర్తిగా కాలం చెల్లలేదు. క్రేనులు తిరిగే గూడ్స్ షెడ్లలో, పైనుంచి బొగ్గు నింపే చోట్ల తల మీద కరెంటు తీగ పెట్టడానికి వీల్లేదు. అక్కడిదాకా వచ్చిన ఎలక్ట్రిక్ ఇంజిన్ గుమ్మంలోనే ఆగిపోవాలి. లోపలికి పోయే బండి వేరే ఉండాలి. డీజిల్ లేకుండా ఆ పని చేయడానికి 2020లో జబల్‌పుర్‌లో ‘నవదూత్’ అనే షంటింగ్ ఇంజిన్‌ను తయారుచేశారు. తీగ ఉన్నచోట తీగ కరెంటుతో, లేనిచోట బ్యాటరీతో నడుస్తుందది. పొగ వద్దన్నందుకు న్యూయార్క్ యార్డులోకి డీజిల్ వచ్చింది. వందేళ్లకు అదే పొగ కారణంగా డీజిల్ కూడా యార్డు ఖాళీ చేయాల్సి వస్తోంది.

ఎల్‌హెచ్‌బీ పెట్టెల కప్లర్లు పిడికిళ్లలా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బయట నిలబడి మీటతోనే ఊడదీయొచ్చు. పాత కొక్కేలు ఒక్కో బండి నుంచీ తప్పుకుంటున్నాయి. బ్రేకు గాలి పోయే రబ్బరు గొట్టాలు మాత్రం వాటంతట అవి కలవవు. ఇంజిన్ తగిలించిన ప్రతిసారీ వాటిని చేత్తోనే జోడించాలి, చేత్తోనే కవాటం తిప్పాలి. పాయింట్స్‌మన్ ఇప్పటికీ జెండా చంకలో పెట్టుకుని, ఇంజిన్ నిలిచిందో లేదో ఒకసారి చూసుకుని, వంగి లోపలికి వెళ్తున్నాడు.